కక్కు

పెరట్లో ఇరవై అడుగుల నీళ్ళ తొట్టి కట్టించాను,
ఛాతీ లోతు.
గ్రాట్యుటీ డబ్బంతా అందులోకే దిగింది.
"సేపలేస్తారేటి టీచరమ్మా?" గోడ మీంచి దమయంతి.
ఆడపిల్లలకి ఈత నేర్పుతానన్నాను.
ఆమె నవ్వలేదు.
ఎన్నేళ్ళ గుంటల్ని తీసుకుంటారని అడిగింది.

ఇక మిగిలింది చుట్టూ ఆరడుగుల నేల.
నీళ్ళు తొట్టిలో ఉండవు, పిల్లలతోపాటు గట్టెక్కుతాయి.
పిల్లలు నడవమంటే పరుగెత్తుతారు.
ముప్పై ఏళ్ళు విజిల్ ఊదినదాన్ని,
ఆగమనే మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు.

కూర్మయ్య మేస్త్రి మచ్చు ముక్కలు తెచ్చి వరసగా పరిచాడు:
కడప బండ, తాండూరు పలక,
గులాబీ రంగు సిమెంటు ఇటుక,
కల్యాణమండపం మెట్ల మీద వేసే టైలు,
ఆఖర్న టెక్కలి నీలిరాయి, అద్దంలా పాలిష్ పట్టింది.
అందులో అతని మీసం, ఒక కాకి, కొంచెం మబ్బు.
"ఇదే ఎయ్యండమ్మా. మనూరి రాయి.
ఓడలెక్కి ఎలిపోతాది, మనకే నేదు."

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట.
చెప్పులు విప్పి ఒక్కోదాని మీదా నిలబడి లెక్కపెట్టాను.
టైలు మీద పన్నెండు దాకా,
కడప బండ మీద తొమ్మిది,
నీలిరాయి మీద నాలుగు, అంతే.
సిమెంటు ఇటుక ఓర్చుకుంది గానీ
దాని గులాబీ నా అరికాలికి అంటుకుంది.

తర్వాత బకెట్ నీళ్ళు కుమ్మరించాను.
రెండు చుక్కలు కొబ్బరినూనె కూడా,
జడల్లోంచి కారేది అదే కదా.
టైలు మీద అడుగు పెట్టకముందే
స్కూలు వరండా మొజాయిక్ మీద విరిగిన నా పాత మడమ
వద్దంది.

మూడ్రోజులు ఆ ముక్కలు అక్కడే పడున్నాయి.
వీధి కుక్క పొద్దున్న కడప బండ మీదా
రాత్రి నీలిరాయి వెచ్చదనం మీదా పడుకుంది.
దానికి ఒక్కటే ఎంచుకోవాల్సిన పని లేదు.

నాలుగో రోజు వీధిలో కేక.
"రోళ్ళకీ తిరగళ్ళకీ కక్కులు కొడతాం!"
మంచినీళ్ళకి లోపలికొచ్చింది తవిటమ్మ.
"ఈ ఈధిలో రోలు బోర్లించి
దానిమీద ఇన్వర్టరెట్టీసినారమ్మా" అంది.
వరసగా ఉన్న ముక్కలు చూసింది. నా కాలు చూసింది.
"రోలు నున్నబడితే పప్పు జారతాది.
నేల నున్నబడితే మనిసి."

సంచిలోంచి ఉలి తీసి
అడక్కుండానే నీలిరాయి మీద అరచేతి మేర కొట్టింది.
టకటకటక.
కూర్మయ్య మీసం పోయింది. కాకి పోయింది.
నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి.
నీళ్ళు పోశాను, నూనె పోశాను, నిలబడ్డాను.
రాయి నా పాదాన్ని పట్టుకుంది.

"పాలిష్‌కి డబ్బిచ్చి, మళ్ళీ డబ్బిచ్చి గీకిస్తారేటమ్మా!"
కూర్మయ్య బాధ పడ్డాడు.
మర్నాడు అతనే ఆటోలో
ఫ్యాక్టరీ వెనక పారేసిన కోత ముక్కలు తెచ్చాడు,
పాలిష్ మొహం చూడనివి.

కూలి దగ్గర ఇద్దరం ఆగాం.
రోలుకి ముప్పై. నేలకెంతో ఆమెకీ తెలీదు.
చివరికి మా అటక మీది రోలు దింపి
దాని మొహం సుద్దతో రాళ్ళ మీద గీసుకుంటూ పోయాం.
తొట్టి చుట్టూ నాలుగు వందల పదకొండు రోళ్ళు.
పంతొమ్మిది రోజులు కొట్టింది.
దుమ్ముకి కనురెప్పలు నెరిసిపోయాయి.

వేడి పూర్తిగా తగ్గిందని చెప్పను.
నాలుగు అంకెలు ఏడయ్యాయి.
అందుకే ఈత సాయంత్రం అయిదుకి;
నాలుగున్నరకి పైపుతో రాళ్ళకి ముందు స్నానం.

మెట్ల దగ్గర ఒక రాయి మీద మాత్రం
చుక్కలు కాదు, గుండ్రంగా చుట్లు.
"అలవాటమ్మా, తిరగలనుకున్నాది సెయ్యి."
మార్చమనలేదు.

దమయంతి కూతురు హైమ మొదటిరోజే పరుగెత్తింది.
ఆ రాయి మీదే ఆగి, ముక్కు మూసుకుని, దూకింది.
విజిల్ నా నోట్లోనే ఉండిపోయింది.